ఆవకాయను ఎరగా వేయకండి

మన ప్రవాసాంధ్ర సంఘాలకు ఈమధ్య ఒక కొత్త ముచ్చట పట్టుకున్నది. దాని పేరు 'పేరింగ్'. ఏ విస్కీకి ఏ తిండి జోడీ కుదురుతుందో ఒక నిపుణుడు వచ్చి చెబుతాడు. సభ్యులు గుక్కెడు తాగి, ముక్క కొరికి, తల ఊపుతారు. పెద్ద హోటళ్ళలో ఇది చాలాకాలంగా నడుస్తున్న తంతే. ఇప్పుడది మన ఉగాది పందిట్లోకి వచ్చింది. పోయిన ఏడాది ఒక ఊరి మన సంఘం వారు పంపిన ఆహ్వానంలో గోంగూర మాంసం పక్కన పొగ వాసన విస్కీ, ఉలవచారు పక్కన షెర్రీ పీపాలో మగ్గిన విస్కీ, ఆవకాయ పూసిన రొట్టెముక్క పక్కన అమెరికా బూర్బన్ అచ్చువేశారు. అడుగున చిన్న అక్షరాల్లో 'పిల్లలకు ప్రవేశం లేదు, భోజనం రాత్రి పదిన్నర తర్వాత' అని ఉన్నది.

ఆ కాగితం చూసి కొందరు నవ్వుకున్నారు, కొందరు మురిసిపోయారు. నేను అభ్యంతరం చెబుతున్నాను. అది తాగుడు మీద అభ్యంతరం కాదు. శనివారం రాత్రి రెండు చిన్న కొలతలు నేనూ తీసుకుంటాను, నీళ్ళు కలుపుకుని, ఇంట్లోనే, ఇల్లాలి ఎదుటే. కాబట్టి నీతిబోధ విందామని వచ్చిన మిత్రులూ, నన్ను ఛాందసుడని తిట్టడానికి కలం విప్పిన మిత్రులూ ఇద్దరూ కాస్త ఆగాలి. నా తగవల్లా వరస మీద. ఏది ముందు, ఏది వెనుక? ఏది పీట మీద కూర్చోవాలి, ఏది పక్కన నిలబడాలి? ఆ వరస తప్పితే జరిగే నష్టం రుచితో ఆగదు.

ముందు మాట సంగతి చూద్దాం. ఈ విషయానికి తెలుగులో మాట లేదనుకుని ఇంగ్లీషు మాట తెచ్చుకున్నారు. ఉన్నది. నంజుకోవడం. పప్పన్నంలో ఆవకాయ నంజుకుంటాం. పెరుగన్నంలో మాగాయ నంజుకుంటాం. ఎన్ని తరాలుగా హోసూరులోనో బరంపురంలోనో షోలాపూరులోనో ఉంటున్నా, మిగిలిన మాటలు సగం మరిచిపోయినా, ఈ మాట మాత్రం మన ఇళ్ళలో పోలేదు. ఆ మాటలో ఒక కొలత ఉన్నది. అన్నం ఎక్కువ, నంజు తక్కువ. అన్నం యజమాని, నంజు దానికి తోడు. ఆవకాయ అన్నానికి నంజు అవుతుంది గాని, ఆవకాయకు అన్నం నంజు అని ఎవరూ అనరు.

పేరింగ్ విందులో జరిగేది ఏమిటి? పీట మీద సీసా కూర్చుంటుంది. గోంగూర, ఉలవచారు, ఆవకాయ దానికి నంజుగా నిలబడతాయి. అన్నం పదిన్నర దాకా గుమ్మం బయట ఉంటుంది. పైగా మన ఇరుగుపొరుగు భాషల్లో 'నంజు' అంటే విషం. తమిళంలో అంతే, కన్నడంలో అంతే. నంజనగూడులోని నంజుండేశ్వరుడంటే విషం మింగిన శివుడు. ఒకే శబ్దం మనకు రుచి, వారికి విషం. ఏది ఎంత, ఏది ఎక్కడ అన్నదాన్ని బట్టి మనకు కూడా అది రెండో అర్థంలోకి జారిపోవచ్చునని గుర్తుంచుకోవడానికి ఇంతకంటే మంచి హెచ్చరిక అక్కరలేదు.

ఇక నాకు తెలిసిన శాస్త్రంలోకి వస్తాను. బి.కాం. మొదటి సంవత్సరం అర్థశాస్త్రంలో వస్తువులు రెండు రకాలని చెప్పేవారు. కాఫీకి టీ ప్రత్యామ్నాయ వస్తువు, ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది. కాఫీకి పంచదార పూరక వస్తువు, ఒకటి పెరిగితే రెండోదీ పెరుగుతుంది. ఇప్పుడు చెప్పండి, మద్యానికి భోజనం ఏ రకం? కడుపునిండా పప్పన్నం తిన్నవాడికి రెండో గ్లాసు మీద మోజు ఉండదు. అంటే భోజనం మద్యానికి ప్రత్యామ్నాయం. ఉప్పు కారం దట్టించి నూనెలో వేయించిన పిడికెడు పల్లీలు తిన్నవాడికి దాహం పెరుగుతుంది. అంటే వేపుడు మద్యానికి పూరకం. మద్యం అమ్మేవాడి తెలివంతా మొదటిదాన్ని వెనక్కి నెట్టి, రెండోదాన్ని ముందుకు తేవడంలోనే ఉన్నది.

ఇది నా ఊహ కాదు. శాఖలో మేనేజరుగా ఉన్న రోజుల్లో ఒక బార్ యజమాని ఋణం కోసం వచ్చాడు. అతని అంచనా లెక్కల్లో తినుబండారాల పద్దు దగ్గర లాభం దాదాపు సున్నా. ఇదేమిటయ్యా అని అడిగాను. "అది ఖర్చు కాదు సార్, పెట్టుబడి. పల్లీల గిన్నె ఖాళీ అయితే గ్లాసు కూడా ఖాళీ అవుతుంది" అన్నాడు. ఋణం ఇచ్చాం. వాయిదా తప్పకుండా తీర్చాడు. అతని లెక్క అంత గట్టిది.

ప్రభుత్వాలకూ ఈ లెక్క తెలుసు. తమిళనాడులో 2003 నవంబరు నుంచి చిల్లర మద్యం అమ్మకం టాస్మాక్ అనే ప్రభుత్వ సంస్థ చేతిలో ఉన్నది. దుకాణాన్ని ఆనుకుని ఉండే బార్లకు టెండర్లు పిలుస్తూ వచ్చారు. ఆ టెండరు మద్యం అమ్మడానికి కాదు. తినుబండారాలు అమ్ముకోవడానికీ, ఖాళీ సీసాలు పోగుచేసుకోవడానికీ. సీసా పక్కన నంజు అమ్ముకునే హక్కుకే పోటీపడి డబ్బు కట్టేవాళ్ళున్నారంటే, ఆ రెండింటి బంధం రసికులు కనిపెట్టింది కాదని తెలుస్తూనే ఉన్నది.

విదేశాల మాట కూడా చూద్దాం. జపానులో 1970లలో సుంటోరీ సంస్థ తమ విస్కీని సుషీ దుకాణాల్లోకీ, దేశవాళీ భోజనశాలల్లోకీ తీసుకుపోవడానికి ఒక అమ్మకపు ప్రణాళిక వేసింది. వారు అన్నం తినే పుల్లల జత పేరే దానికి పెట్టింది. అంటే జపాను భోజనంతో విస్కీ జోడీ కట్టినది వంటవాడు కాదు, అమ్మకాల విభాగం. అయితే ఆ జపాను వాళ్ళే ఒక నిజం ఒప్పుకున్నారు. ఉన్నది ఉన్నట్టుగా ఈ పానీయం భోజనం పక్కన ఇమడదు. అందుకే ఒక వంతు విస్కీకి రెండు వంతులు, అంతకంటే ఎక్కువ నీళ్ళు పోసి వడ్డించారు. మన పేరింగ్ నిపుణుడు మాత్రం నీళ్ళు పోసుకున్నవాడి వంక జాలిగా చూస్తాడు.

"స్కాట్లండులో లేదా? వాళ్ళు విస్కీతో తినడం లేదా?" అని అడిగే మిత్రులున్నారు. తింటారు. ఎలా తింటారో వినండి. జనవరి 25 వారి కవి రాబర్ట్ బర్న్స్ పుట్టినరోజు. ఆయన 1759లో పుట్టాడు. ఆ రాత్రి విందుకు ముఖ్యమైన వంట హాగిస్. గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు సన్నగా తరిగి, ఓట్స్, ఉల్లి, కొవ్వు, మిరియాలు కలిపి, గొర్రె పొట్టసంచిలో కుక్కి ఉడికిస్తారు. మన బోటికూరకు దగ్గరి దాయాది. దానికి బంగాళాదుంప ముద్ద, టర్నిప్ ముద్ద తోడు. ఆ హాగిస్‌ను తిత్తి వాద్యం ఊదుతూ ఊరేగింపుగా బల్ల మీదికి తెస్తారు. దాని మీద బర్న్స్ రాసిన పద్యం చదువుతారు. ఆ తర్వాత దాని గౌరవార్థం విస్కీ గ్లాసు ఎత్తుతారు. గమనించండి. ఊరేగింపు తిండికి. పద్యం తిండి మీద. విస్కీ అక్కడ నమస్కారం వంటిది. మన మాటలో చెప్పాలంటే అక్కడ భోజనానికి విస్కీ నంజు. మనం వాళ్ళ సీసా తెచ్చుకున్నాం గాని, వాళ్ళ వరస తెచ్చుకోలేదు.

ఇంకొకటి. బ్రిటన్‌లో పానశాలలో విస్కీ కొలత చట్టప్రకారం 25 మిల్లీలీటర్లు, లేదా 35. మన దగ్గర పెద్ద పెగ్గు 60. మన సీసాల మీద 42.8 శాతం అని ఉంటుంది. బ్యాంకువాణ్ణి కనుక లెక్క వేసి చూపిస్తాను. ఒక పెద్ద పెగ్గులో సుమారు 20 గ్రాముల శుద్ధ మద్యం. పేరింగ్ విందులో నాలుగు వంటలకు నాలుగు పెద్ద పెగ్గులైతే 80 గ్రాములు. అదంతా అన్నం రాకముందే ఖాళీ కడుపులోకి. మద్యం ఎక్కువగా ఒంటబట్టేది చిన్నపేగులో. కడుపులో అన్నం ఉంటే అది పేగులోకి నెమ్మదిగా దిగుతుంది, నెత్తుటిలో అంత ఎత్తుకు ఎక్కదు. కడుపు ఖాళీగా ఉంటే తిన్నగా దిగుతుంది. నాలుగు ముక్కలు కొరికినంత మాత్రాన అది భోజనం కాదు. 'తిండితో పాటే కదా తాగాం' అన్న ధైర్యం మాత్రం వస్తుంది. ఆ ధైర్యంతోనే స్కూటరు తాళం తీస్తారు.

"ఫ్రెంచివాళ్ళు ద్రాక్షసారాయంతో భోంచేయరా?" అన్నది మరొక ప్రశ్న. చేస్తారు. దానిలో మద్యం 12, 13 శాతం. 40 శాతం దాటిన దానికి ఆ పోలిక తగదు. అందులోనూ మన వంటకు అసలు తగదు. నోటిలో వేడినీ మిరపకాయ మంటనూ పసిగట్టేది ఒకే గ్రాహకం. మామూలుగా అది 42 డిగ్రీల దగ్గర మేల్కొంటుంది. మద్యం తగిలితే 34 డిగ్రీల దగ్గరే మేల్కొంటుందని 2002లో ప్రచురితమైన ఒక పరిశోధన చెప్పింది. మన ఒంటి వేడి 37. అంటే ఘాటైన మద్యం పడ్డ నోటికి తన వేడే మంటగా తోస్తుంది. దాని మీద గుంటూరు కారం పడితే ఇక గోంగూర పులుపు ఎక్కడ, పన్నెండేళ్ళ ఓక్ పీపా వాసన ఎక్కడ? రెండూ కాలిపోతాయి. మిగిలేది మంట, మంటకు మరో గుక్క. దీన్ని జోడీ అనడం కంటే కొట్లాట అనడం నిజం.

కుదిరేవి లేవా అంటే ఉన్నాయి. నీళ్ళు బాగా కలిపిన విస్కీకి ఉడకబెట్టిన వేరుశనగలు, శనగ గుగ్గిళ్ళు, నిప్పుల మీద కాల్చిన చేప చక్కగా కుదురుతాయి. కల్లుపాకల దగ్గర కూర్చున్న మన పల్లెజనానికి ఈ విద్య ఏ నిపుణుడూ నేర్పలేదు. వాళ్ళు ఆకులో గుగ్గిళ్ళు పెట్టుకుని తింటుంటే అలగాజనం అన్నాం. అదే పని చలువ గదిలో, పింగాణీ పళ్ళెంలో, వేల రూపాయల టికెట్టు మీద చేస్తే సంస్కృతి అంటున్నాం. ఈ రెండు నాలుకలలో ఏది రుచి చూసే నాలుకో నాకు అర్థం కాదు.

సీసాలో ఏముందో కూడా చెప్పుకోవాలి. స్కాచ్ అనిపించుకోవాలంటే ధాన్యం నుంచి తీసి, స్కాట్లండులో ఓక్ పీపాలో కనీసం మూడేళ్ళు మగ్గాలి. మన దేశంలో విస్కీ పేరుతో అమ్ముడుపోయే చవక సీసాల్లో చాలావాటికి మూలం చక్కెర మిల్లు మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్టు. దానికి కొంత మాల్టు, రంగు, వాసన కలుపుతారు. ధాన్యం నుంచి తీయనిదాన్ని ఐరోపా కూటమిలో విస్కీ పేరుతో అమ్మనివ్వరు. పీటు పొగ, ఎండుద్రాక్ష వాసన అంటూ నిపుణుడు చెప్పే పురాణం ఏ నాలుగు ఖరీదైన సీసాలకో చెల్లుతుంది. ఆ పురాణం తెచ్చిన గౌరవం మాత్రం ఇంటికి పోయాక ప్రతి సీసాకూ అంటుకుంటుంది.

ఇప్పుడు అసలు గాయం దగ్గరికి వస్తాను. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు 1992లో సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం వచ్చింది. 1995లో ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి, 1997 దాకా నడిచింది. ఆ రోజుల్లో యానాం వైపు పోయే బస్సుల సంగతి గోదావరి జిల్లాల వారికీ యానాం పాఠకులకూ నేను చెప్పనక్కరలేదు. ఆ నిషేధం నిలిచిందా లేదా అన్న వాదంలోకి నేను పోను. ఆ ఆడవాళ్ళు చెప్పిన అర్థశాస్త్రం మాత్రం నా పాఠ్యపుస్తకం కంటే గొప్పది. కూలి రూపాయి ఒకటే. అది బియ్యానికైనా పోవాలి, సారాకైనా పోవాలి. అన్నం, సారా ఒక ఇంట్లో జోడీ కావు, పోటీదారులు. ఈ సత్యం తెలుగు నేల మీద తెలుగు ఆడవాళ్ళు ఇల్లూ వాకిలీ వదిలి వీధికెక్కి చాటారు. ఆ భాష మాట్లాడేవాళ్ళ సంఘం, ఆ భాష పేరు మీద, ఉగాది నాడు అన్నం గిన్నెను గుమ్మం బయట పెట్టి సీసాకు పీట వేస్తే, నాకు బాధ కలుగుతుంది. మీకు కలగదా?

ఇది పేదవాళ్ళ గొడవ, మనం జీతగాళ్ళం అనుకోకండి. మా ఆఫీసుల్లో పదవీ విరమణ విందులు ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను. బరంపురంలోనూ అదే వరస, షోలాపూరులోనూ అదే, బెంగళూరులోనూ అదే. ఏడున్నరకు సీసాలు తెరుస్తారు. వేపుళ్ళు తిరుగుతూనే ఉంటాయి. పదకొండున్నరకు అన్నం దగ్గరికి వస్తే సగంమందికి తినే ఓపిక ఉండదు. గంగాళాల అన్నం మిగిలిపోతుంది. ఒకసారి రిటైరైన పెద్దాయన పక్క కౌంటరులో ఇరవై రెండేళ్ళు పనిచేసిన ఒకావిడ ఎనిమిదింటికే ఒక మూల ఒంటరిగా నాలుగు మెతుకులు తిని, ఆయనకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. ఆయన గురించి రెండు మాటలు చెప్పాలని కాగితం మీద రాసుకుని తెచ్చుకుంది. ఆ కాగితం సంచిలోనే ఉండిపోయింది. విందును సీసా చుట్టూ కడితే మొదట లేచిపోయేది ఆడవాళ్ళు, తర్వాత పిల్లలు, ఆ తర్వాత మాట. మూడూ పోయాక మిగిలినదాన్ని ఏ సంఘం అనాలి?

"మరి కుర్రవాళ్ళు సభలకు రావడం లేదండీ, ఇలాంటివి పెడితేనన్నా వస్తారు" అని కార్యదర్శులు వాపోతున్నారు. వస్తారు, నిజమే. విస్కీ కోసం వస్తారు. మన పిల్లలకు తమిళమో కన్నడమో ఒడియానో మరాఠీనో చదువు, ఇంగ్లీషు బతుకుతెరువు. తెలుగు మిగిలింది వంటింట్లో, విస్తరి ముందు. 'ఇంకాస్త వేసుకోరా', 'నంజుకోవడానికి ఏమైనా కావాలా', 'మారు అన్నం పెట్టనా' అన్న మాటల్లో. ఆ పంక్తి నుంచి పిల్లల్ని బయటికి పంపి, పెద్దవాళ్ళు ఇంగ్లీషు నిపుణుడి మాట వింటూ ఆవకాయ రొట్టె కొరికితే, దానివల్ల బతికే తెలుగు ఎంతో నాకు చెప్పండి.

"మన వంటకు గౌరవం పెరుగుతుంది" అన్నది చివరి వాదం. గౌరవం అలా అరువుకు దొరకదు. బెంగళూరు అమృత్ సంస్థ తన సింగిల్ మాల్టును 2004లో స్కాట్లండులోని గ్లాస్గోలో విడుదల చేసింది. బ్రిటన్‌లోని భారతీయ భోజనశాలల ద్వారా అమ్మాలన్నది మొదటి ఆలోచన. పేరు వచ్చింది మాత్రం కూర పక్కన కూర్చుని కాదు. 2010లో జిమ్ మర్రే విస్కీ గ్రంథం దాని ఫ్యూజన్ రకాన్ని లోకంలో మూడవ స్థానంలో నిలిపింది. తన కాళ్ళ మీద నిలబడింది కాబట్టి గౌరవం వచ్చింది. విస్కీకి ఉన్న ఆ పట్టుదల ఆవకాయకు ఎందుకు ఉండకూడదు?

కాబట్టి నేను కోరేది నిషేధం కాదు. సంఘాల పెద్దలు వచ్చే సర్వసభ్య సమావేశంలో నాలుగు తీర్మానాలు చేయాలి. మొదటిది, సంఘం పేరుతో జరిగే ఏ విందులోనైనా ఏడున్నరకు విస్తరి పడాలి, తాగదలచినవారు భోజనమయ్యాక వేరే చోట సొంత ఖర్చుతో తాగవచ్చు. రెండవది, ఏ మద్యం కంపెనీ సొమ్మూ, దాని పేరుతో వచ్చే సోడా సొమ్మూ సంఘం ఖాతాలో పడకూడదు. కేబుల్ టీవీ నియమాలే మద్యం ప్రకటనలను ఒప్పుకోనప్పుడు, మన ఉగాది కరపత్రం ఒప్పుకోవడం ఏమిటి? మూడవది, పిల్లలకు ప్రవేశం లేని సభకు తెలుగు సభ అని పేరు పెట్టకూడదు. నాలుగవది, వంటల గురించి చెప్పించాలనుకుంటే నిపుణుణ్ణి పిలవనక్కరలేదు, వండిన మనిషినే వేదిక మీదికి పిలవాలి. ఉలవచారు ఎంతసేపు కాచాలో ఆమె చెబుతుంది, తెలుగులో చెబుతుంది.

ఈ నాలుగింటికీ ఖర్చు లేదు. ఆదాయం కొంత తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో లెక్క వేసి పంపితే, ఆ లోటు పూడ్చే చందాలో నా వంతు నేను కడతాను.